నిఖితకి పద్నాలుగు శాతం

ముమ్మిడివరం దగ్గర, హేచరీ షెడ్డు నుంచి
28 ఏప్రిల్ 2025

దేవసహాయం మావయ్యకి,

శామ్యూల్ వందనాలు. మేమంతా క్షేమం అని రాయడం లేదు, ఎందుకంటే కాదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. ఫోన్‌లో నేను గొంతు పెంచుతాను, మీరు పెట్టేస్తారు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేసినా మళ్ళీ తీసి చదవాల్సిందే.

చెల్లి నిఖితకి పదో తరగతిలో 566 వచ్చాయని మీకు తెలుసు. మీ రాజోలు చర్చిలో మీరే మిఠాయి పంచారట. స్కూల్లో ఫస్టు వచ్చిన పిల్లకి వాళ్ళ ఇంటర్ కాలేజీలోనే బైపీసీ సీటు ఉచితంగా ఇస్తామని ఆ అమలాపురం స్కూలు వాళ్ళు గోడ మీద రాసుకున్నారు కదా. శనివారం అమ్మా నేనూ ఆ సీటు కోసం వెళ్ళాం. డైరెక్టర్ మాణిక్యాలరావు మర్యాదగా కూర్చోబెట్టి, మార్కుల కాగితం పక్కకి నెట్టి, ఇంకో కాగితం తీశాడు.

"మార్కులు బానే ఉన్నాయమ్మా. కానీ ఫిబ్రవరిలో ఉమ్ము తీసి చేయించిన జన్యు ప్రతిభా పరీక్షలో పిల్లకి సైన్సు జీన్ ఎక్స్‌ప్రెషన్ పద్నాలుగు శాతమే ఉందండీ. డాక్టర్ చదువు మొయ్యలేదు. కుట్టుపని ఎనభై ఒకటి వచ్చింది, అదృష్టం కదండీ!"

అమ్మ "ఆయ్" అంది. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా, చిత్తం అన్నట్టు, ఆ ఒక్క "ఆయ్" మావయ్యా. ఉచితం సీటు రెండో ర్యాంకు వాడికిచ్చేశారు. వాళ్ళ నాన్నకి పెట్రోలు బంకుంది.

కాగితం అడుగున సలహాదారు సంతకం ఉంది. విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయులు అని. మీది. ఆ 'ద' చుట్టూ తిప్పే మెలిక నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ జీన్ ఎక్స్‌ప్రెషన్ అన్న మాటకి అర్థం తెలిసే సంతకం పెట్టారా, తెలియక పెట్టారా? అదొక్కటీ రాయండి.

మీ మేనల్లుడు,
శామ్యూల్

*

రాజోలు
2 మే 2025

చిరంజీవి శామ్యూల్‌కు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు బాగున్నాయి, మర్యాదే తగ్గింది. మీ అత్తయ్యకి మోకాలు నొప్పి మళ్ళీ మొదలైంది. కాలువ కట్టేశారు, దొడ్లో పాదులు ఎండుతున్నాయి. ఈ చికాకుల మధ్య నీ ఉత్తరం ఒకటి.

ముప్పై ఆరేళ్ళు బఠానీ మొక్కల పాఠం చెప్పినవాణ్ణి నేను. పొడుగు మొక్క, పొట్టి మొక్క. బహిర్గత లక్షణం పైకి కనిపిస్తుంది, అంతర్గత లక్షణం లోపల దాక్కుంటుంది. జీన్ ఎక్స్‌ప్రెషన్, అంటే జన్యు వ్యక్తీకరణ, అదే. నిఖితలో లేదని ఎవరూ అనలేదు. లోపల ఉంది, పైకి రాలేదు. మన వాళ్ళు తరతరాలుగా పొలం పనుల్లో ఉన్నవారు కనుక చదువు లక్షణం ఇంకా లోపలే ఉండిపోయింది, రెండు మూడు తరాల్లో తప్పక బయటికి వస్తుంది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాటే చెప్పాను. లేచి చప్పట్లు కొట్టారు.

నీ కోపం ఎందుకో నేను ఊహించగలను. ఇంటర్ మధ్యలో ఆపేసినవాడికి ప్రతి చదువుకున్నవాడి మీదా ఉంటుంది. నీ యజమాని కాశీవిశ్వనాథం గారితో నేను మాట్లాడతాను. నీకు సూపర్‌వైజర్ పని ఇప్పించమంటాను. మనసు కుదుటపడుతుంది.

పిల్లకి కుట్టుపని మంచిదే. దేవుడు చేతికి ఏ పని ఇస్తే అది.

ఆశీస్సులతో,
దేవసహాయం

*

హేచరీ షెడ్డు
6 మే 2025

మావయ్యా,

నాకు సూపర్‌వైజర్ పని వద్దు. దయచేసి ఎవరితోనూ మాట్లాడకండి. చెల్లి సీటు గురించి రాస్తే నా ఉద్యోగం గురించి జవాబిచ్చారు.

తెలియక సంతకం పెట్టారని అర్థమైంది. కాబట్టి చెప్తాను. మీరు చెప్పింది వేరే పాఠం. అందులో కూడా చదువు లక్షణం అనేది ఎక్కడా లేదు, బఠానీల పొడుగే ఉంది.

మూడేళ్ళుగా నేను ఇక్కడి పీసీఆర్ ల్యాబులో గాజు సామాను కడుగుతున్నాను. రొయ్య పిల్లలకి వైరస్ ఉందో లేదో చూసే గది. ఎమ్మెస్సీ చదివిన వెంకటదుర్గ గారు నన్ను ప్రశ్నలు అడగనిస్తారు, పుస్తకాలు ఇస్తారు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ రెండు రోజులు చదివాను. నాకు తెలిసినంత ఇది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులు ఉంటాయి. కంట్లో ఉన్నవే కాలేయంలోనూ. ఏ కణం వాటిలో దేన్ని చదువుతోంది, ఎంత చదువుతోంది, ఎప్పుడు చదువుతోంది అన్నదే తేడా. కణం జన్యువుని చదివి ఆర్ఎన్ఏ అని ఒక నకలు తీసుకుంటుంది, చాలాసార్లు దాంతో ప్రొటీను తయారు చేసుకుంటుంది. ఆ జరిగే పనికి పేరు ఎక్స్‌ప్రెషన్. నిద్రలేకపోతే మారుతుంది, ఆకలేస్తే మారుతుంది, జ్వరమొస్తే మారుతుంది. ఉమ్ములో కొలిస్తే ఆ పూట ఆ ఉమ్ములో ఉన్న కణాల సంగతి తెలుస్తుంది. మనిషి ఏం చదవాలో తెలియదు. డాక్టర్ జీన్ అని ఒకటి లేదు. కుట్టుపని జీన్ అంతకన్నా లేదు.

మా పని చూడండి. ఉప్పునీళ్ళలో పుట్టిన రొయ్య పిల్లని ఉప్పు తక్కువ చెరువుకి పంపాలంటే ట్యాంకులో మంచినీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ రోజుల తరబడి అలవాటు చేస్తాం. నీటిలో ఉప్పు మారేకొద్దీ దాని మొప్పల్లో ఉప్పుని సర్దే జన్యువుల పని కూడా మారుతుంది. అదే రొయ్య, అవే జన్యువులు. అలవాటు చెయ్యకుండా ఒక్కసారిగా కుమ్మరిస్తే తెల్లారేసరికి చచ్చి తేలుతాయి. అప్పుడు వీటికి చెరువు జీన్ లేదని ఎవడూ అనడు. కుమ్మరించినవాణ్ణి తిడతారు.

మీ తాత పాలేరు. మీరు మాస్టారు. ఆ లక్షణం ఏ తరంలో పైకొచ్చింది? చర్చి మిషన్ వాళ్ళు బడి పెట్టిన తరంలో వచ్చింది.

ఇంకోటి. ఆర్ఎన్ఏ ఇట్టే చెడిపోతుంది. దానికోసం తీసిన శాంపిల్‌ని మేం వెంటనే మందు ద్రావణంలో ముంచి ఐసులో పెడతాం. పిల్లల ఉమ్ము ట్యూబుల్ని ఆ స్కూలు ఆఫీసు కిటికీలో, ప్లాస్టిక్ బుట్టలో, ఎండలో నాలుగు రోజులు ఉంచారని నిఖిత చెప్పింది. చీమలు పట్టాయట. ఆ చీమలు పట్టిన ఉమ్ముకి శాతాలు కట్టి, దాని కింద మీరు సంతకం పెట్టారు.

సంతకానికి ఎంతిచ్చారు?

శామ్యూల్

*

రాజోలు
11 మే 2025

శామ్యూల్,

చివరి వాక్యం చదివి మీ అత్తయ్య ఏడ్చింది. నా జీవితంలో ఒక్క పిల్లాడి దగ్గర టీ నీళ్ళు కూడా తాగలేదు. వాళ్ళు నాకు ఇచ్చింది ఒక శాలువా. సమావేశాల్లో ముందు వరసలో ఒక కుర్చీ. "మాస్టారు గారూ, మీరుంటే మాకు కొండంత అండ అండీ" అని కారులో దింపేవారు. రిటైరై తొమ్మిదేళ్ళయింది, ఎవరూ పిలవలేదు నన్ను. వాళ్ళు పిలిచారు. అంతే.

నలభై మూడు రిపోర్టుల మీద సంతకం చేశాను. సమావేశాల్లో చూసిన ప్రతి పిల్ల ముఖం గుర్తు తెచ్చుకుని, ఆ శాతం సబబుగానే ఉందనిపించాకే చేశాను. నాకు పిల్లవాడి ముఖం చూస్తే తెలిసిపోతుంది. నీ విషయంలో తెలియలేదా? మా చెల్లెలు సరోజినికి ఆ రోజే చెప్పాను, వీడికి చదువు అబ్బదు, చెరువుల మీద పెట్టు అని. ఈరోజు నువ్వు సొంత చేతులతో బతుకుతున్నావు. నేను చెప్పింది తప్పైందా?

ల్యాబులో గాజు సామాను కడిగేవాడు శాస్త్రజ్ఞుడు కాలేడు. వాళ్ళ పరీక్ష తప్పని రుజువుంటే పంపు. లేకపోతే ఈ విషయం ఇక వద్దు.

దేవసహాయం

*

హేచరీ షెడ్డు
30 మే 2025

మావయ్యా,

డబ్బు తీసుకుని ఉంటే బాగుండేది. దానికి ఒక లెక్క ఉంటుంది. ఒక కుర్చీ కోసం, నలభై మూడు మందిని ముఖం చూసి! నాకు రాయడానికే రోత పుడుతోంది. అత్తయ్యని ఏడిపించినందుకు మాత్రం క్షమించమనండి.

రుజువు అడిగారు. ఈ కవర్లో రెండు రిపోర్టుల నకళ్ళున్నాయి. చదవండి.

బయటి పిల్లలు కూడా కాలేజీలో చేరాలంటే ఆ పరీక్ష చేయించుకోవాలని ఈ నెల మొదట్లో ప్రకటించారు కదా. నేను రెండు ఫారాలు నింపాను. ఒక పిల్లాడి పేరు హర్షవర్ధన్. ఇంకో పిల్లాడి పేరు యేసుపాదం. ఇద్దరూ లేరు, నేనే కల్పించాను. రెండు ట్యూబుల్లోనూ నా ఉమ్మే. ఒకే పొద్దున, చద్దన్నం తిన్నాక, ఒకదాని వెంట ఒకటి. ఒకదాంట్లో మెతుకు కూడా పడింది. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఫారంలో పదిహేనని రాశాను.

పేర్లు కాక ఫారంలో తేడా ఒక్కటే. 'తండ్రి వృత్తి' అన్న గడిలో హర్షవర్ధన్‌కి రొయ్యల చెరువుల యజమాని అని రాశాను. యేసుపాదానికి మా నాన్న చేసే పనే రాశాను. చెరువు కూలీ.

హర్షవర్ధన్‌కి వైద్య విజ్ఞాన జన్యువుల వ్యక్తీకరణ తొంభై ఒకటి. నాయకత్వం ఎనభై ఎనిమిది. యేసుపాదానికి వైద్యం పన్నెండు. "శారీరక శ్రమకు అనుకూల జన్యువులు చురుకుగా ఉన్నవి" అని ఉంది. వీటి మీద సంతకం ఇంకా మీతో పెట్టించలేదు, కానీ అది మీరు వాళ్ళకి ముందే రాసిచ్చిన తెలుగే కదా? 'ఉన్నవి' అని రాసేది మీరొక్కరే.

మెతుకు పడింది హర్షవర్ధన్ ట్యూబులో.

నిఖిత ఫారం నేనే నింపాను మావయ్యా, ఫిబ్రవరిలో. ఆ గడిలో నిజం రాశాను. బుద్ధిగా, ముత్యాల్లాంటి అక్షరాలతో.

జూన్ పదితో అడ్మిషన్లు అయిపోతాయి. ఏం చేస్తారో చెయ్యండి.

శామ్యూల్

*

రాజోలు
5 జూన్ 2025

ప్రియమైన శామ్యూల్‌కు,

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఆ పూట అన్నం సయించలేదు. నీ మీద అనకూడని మాటలు అన్నాను, మనసులో పెట్టుకోకు.

మర్నాడే బస్సెక్కి అమలాపురం వెళ్ళాను. డైరెక్టర్ గారి ముందు రెండు రిపోర్టులూ పెట్టాను. ఆయన ఒక్కసారి చూసి, తలుపు వేసి, నవ్వాడు.

"మాస్టారూ, నిఖిత మీ మేనకోడలని ముందే చెప్పొద్దా అండీ! మన పిల్లని మనం కుట్టుపనికి పంపుతామా?"

తిరిగి పరీక్ష చేయిస్తామన్నాడు. పిల్లని తీసుకురమ్మంటారా అని అడిగాను. "అక్కర్లేదండీ, మీరుండండి చాలు" అన్నాడు. అరగంటలో కొత్త రిపోర్టు వచ్చింది. నిఖితకి ఎనభై తొమ్మిది శాతం! ఉచితం సీటు ఇంకొకటి సృష్టించి ఇస్తామన్నాడు. పదో తారీకులోపు చేరాలి. కాగితం ఇందులో పెట్టాను, జాగ్రత్త.

మన పని అయింది కదా, ఇక ఆ రెండు రిపోర్టులూ చింపెయ్యి. ఆయన అదొక్కటే కోరాడు. అమ్మకి నా మాటగా చెప్పు, నేను తప్పు దిద్దుకున్నానని.

మీ అత్తయ్య మోకాలికి కొత్త నూనె రాస్తున్నాం. కొంచెం నయం.

ప్రేమతో,
మావయ్య

*

హేచరీ షెడ్డు
9 జూన్ 2025

మావయ్యా,

మీరు రాసింది మీరొకసారి చదువుకోండి. పిల్ల రాలేదు. ఉమ్మలేదు. అరగంటలో పద్నాలుగు ఎనభై తొమ్మిదైంది. ఇది మీ చేత్తో మీరే రాశారు, ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. నాకు ఇంతవరకూ వాళ్ళంటే అసహ్యం. ఆ ఉత్తరం చదివాక ఎవరంటే అసహ్యమో చెప్పలేకపోతున్నాను, ఎందుకంటే ఒక్క క్షణం నేనూ సంతోషించాను. అమ్మయితే కాగితాన్ని కళ్ళకద్దుకుంది. నిఖితకి కొత్త చెప్పులు కొనాలని కూడా అనేసింది.

నిఖిత మాత్రం చదివి, మడిచి, అడిగింది: "అన్నయ్యా, సత్యవేణికెంత?"

సత్యవేణి దాని బెంచీ పిల్ల. పక్క వీధే. వాళ్ళ నాన్న కొబ్బరి చెట్లెక్కి దింపు తీస్తాడు. ఆ పిల్లకి 541 మార్కులు. రిపోర్టులో పదకొండు శాతం. వాళ్ళమ్మ అప్పుడే అమలాపురంలో కుట్టు సెంటర్లో చేర్చేసింది.

"ఈ కాగితం పట్టుకుని నేను చేరితే, దాని కాగితం నిజమేనని నేను ఒప్పుకున్నట్టు కదా?" అంది.

అమ్మ బతిమాలింది. "పోన్లే అమ్మా, ముందు నువ్వు చేరు, తర్వాత దాన్ని చూద్దాం" అంది.

"తర్వాత ఎవరు చూస్తారే? నేను చూస్తానా, తెల్లకోటు వేసుకున్నాక?"

నిర్ణయం దానికే వదిలేశాను. నేను చెప్తే మళ్ళీ నేనే నడిపించినట్టవుతుంది. ఈరోజు పొద్దున అది ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వెళ్ళి బైపీసీలో చేరింది. జువాలజీ లెక్చరర్ పోస్టు ఖాళీ. మైక్రోస్కోపు బీరువాలో ఉంది, తాళం ఎవరి దగ్గరుందో తెలియదన్నారు. దాని సీటు పోయింది మావయ్యా. రెండుసార్లూ మీ చేతి మీదుగానే పోయింది. ఒకసారి మీ సంతకంతో, రెండోసారి మీ సాయంతో.

రిపోర్టులు చింపలేదు. చింపను. నలభై మూడింటి కింద ఉన్న మీ సంతకం మాత్రం నేను చింపలేను. అది మీ చేతిలో పని.

శామ్యూల్

*

రాజోలు
29 జూన్ 2025

శామ్యూల్,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. వేరే ఉత్తరాలు రాస్తున్నాను.

నలభై మూడు కార్డులు కొన్నాను. స్కూలు పుస్తకంలోంచి చిరునామాలు ఇవ్వమంటే ఇవ్వలేదు, చర్చి పెద్దల్నీ పాత విద్యార్థుల్నీ అడిగి పోగుచేశాను. అన్నిటి మీదా ఒకటే మాట: "ఈ పరీక్ష శాస్త్రం కాదు. జన్యువుల పనితీరు అంటే ఏమిటో నాకు తెలియకుండానే సంతకం చేశాను. దానిని వెనక్కి తీసుకుంటున్నాను. మీ పిల్లని మార్కులను బట్టి, ఇష్టాన్ని బట్టి చదివించండి." డైరెక్టర్‌కీ, విద్యాశాఖకీ రిజిస్టర్ పోస్టులో పంపాను, నువ్వు పంపిన నకళ్ళతో సహా. విద్యాశాఖ నుంచి ఇంకా ఏమీ రాలేదు. స్కూలు నుంచి మాత్రం మనిషి వచ్చాడు. శాలువా అడిగాడు! ఇచ్చేశాను. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

కార్డులందుకున్న వాళ్ళలో మొదట వచ్చింది ఎవరో ఊహించగలవా? ఎక్కువ శాతం వచ్చిన పిల్లాడి తండ్రి. పెట్రోలు బంకు ఆయన.

"మావాడికి తొంభై రెండు డాక్టర్ జీన్ ఉందని మీరే కదండీ సంతకం పెట్టేరు. చుట్టాలందరికీ చెప్పుకున్నామండీ. ఇప్పుడు లేదంటే మా పరువేం కానండీ?" అని అరుగు మీద నిలబడి అరిచాడు. వీధి వీధంతా చూసింది.

అది భరించాను. భరించలేనిది ఇంకోటి. సత్యవేణి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. కార్డు ఎవరిచేతో చదివించుకుందట.

"చాలా మంచోరండీ మీరు. మా పిల్ల బాధపడకూడదని అలా రాసేరు. మాకు తెలుసండీ. మీ అంతటోరు ముందు పెట్టిన సంతకం తప్పవుద్దా అండీ? దాన్ని కుట్టు మిషన్ దగ్గరే ఉంచుతామండీ, మీరేం దిగులు పడకండి" అంది.

ఎంత చెప్పినా "ఆయ్, ఆయ్" అంటూనే ఉంది. ఒక్క ముక్క నమ్మలేదు. ముప్పై ఆరేళ్ళు సంపాదించుకున్న గౌరవమంతా ఆ పదకొండు శాతానికి కాపలా కాస్తోంది.

నీ గురించి మీ అమ్మకి ఆ రోజు చెప్పిన మాట కూడా అలాంటిదే. అప్పుడు కాగితం మీద శాతం వెయ్యలేదు, అంతే తేడా.

ఏం చెయ్యాలో తోచడం లేదు.

దేవసహాయం

*

హేచరీ షెడ్డు
3 జూలై 2025

మావయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను చెరువుల మీద పెట్టమన్న సంగతికి జవాబు ఇప్పుడు రాయలేను. కోపం పోయిందని అబద్ధం రాయలేను.

ఏం చెయ్యాలో తోచడం లేదన్నారు. నాకు తోచింది రాస్తాను.

కార్డు పనికిరాదు. ఫోన్ పనికిరాదు. సత్యవేణి వాళ్ళమ్మకి మీరు పెద్దవారు, పెద్దవాళ్ళు దయతో అబద్ధం చెప్తారని ఆవిడ నమ్మకం. కాబట్టి మీరు ఆ ఇంటికి వెళ్ళండి. కుర్చీ వేస్తారు, కూర్చోకండి. నేల మీద కూర్చోండి. మీకు తెలియని విషయం మీద సంతకం పెట్టానని ఆ పిల్ల ఎదురుగా చెప్పండి. వాళ్ళ నాన్న దింపు నుంచి వచ్చేదాకా ఉండి ఆయనకీ చెప్పండి. వాళ్ళు "ఆయ్" అంటే లేచి వచ్చేయకండి. ఆవిడ మిమ్మల్ని తిట్టేదాకా ఉండండి. తిడితే అప్పుడు నమ్మిందని అర్థం.

ప్రభుత్వ కాలేజీలో బైపీసీలో ఇంకా ఖాళీలున్నాయట, ఈ నెలాఖరుదాకా తీసుకుంటారట. నిఖిత కనుక్కుని వచ్చింది. సత్యవేణి టీసీ స్కూల్లోనే ఉంది, అడిగితే తిప్పుతున్నారు. దానికి కూడా మీరే వెళ్ళాలి, ఈసారి తలుపు వెయ్యనివ్వకుండా.

ఆ ఒక్క ఇల్లు అయ్యాక ఇంకా చాలా ఇళ్ళున్నాయి. తక్కువ శాతాలు వచ్చిన వాళ్ళ పేర్లు నిఖిత రాసిచ్చింది. ఇరవై ఆరు మంది. జాబితా ఇందులో పెట్టాను. ఎవరి నాన్న ఏం పని చేస్తాడో పక్కనే రాసింది, చూస్తే మీకే తెలుస్తుంది ఆ పరీక్ష దేన్ని కొలిచిందో.

మంగళవారం నాకు సెలవు. పొద్దున ఎనిమిదింటికి అమలాపురం బస్టాండులో ఉంటాను. మీతో మాట్లాడతానని మాటివ్వను. పక్కన నడుస్తాను.

శామ్యూల్